నాలుగో వరసలో మూడో కప్పు

"ఈ కప్పు కడిగిందెవరు?"

గదిలో కప్పులు కడిగే మనిషి ఒక్కతే ఉంది. ఆ సంగతి అడిగినాయనకూ తెలుసు. అయినా ఎవరో తెలియనట్టు, నేరస్థుణ్ణి వెతుకుతున్నట్టు, కళ్ళజోడు ముక్కు చివరికి దించి నలువైపులా చూశాడు. ఆయన్ని కంపెనీలో అందరూ పెద్ద నాలుక అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ ప్రాంతం నుంచి ఏ కాఫీ గింజ వచ్చినా ఆయన నాలుక మీద పడి, ఆయన సరే అంటేనే గోడౌనులోకి వెళ్తుంది.

"నేనేనండి," అంది ఆమె. చేతిలో ఖాళీ ట్రే ఉంది. దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుంది.

జరిగింది ఇదీ. ఆ పొద్దున నాలుగు ప్రాంతాల కాఫీలు బల్ల మీదకు వచ్చాయి. ఎత్తు కొండలది ఒకటి, ఎర్రమట్టి నేలది ఒకటి, సముద్రం మధ్య దీవిది ఒకటి, సరస్సు పక్క లోయది ఒకటి. ఒక్కో కాఫీకి ఒక్కో వరస, వరసకు ఐదు కప్పులు. ఐదెందుకంటే, సరుకులో చెడ్డ గింజ ఉంటే అది పడ్డ కప్పే చెడుతుంది, మిగతావి బాగానే ఉంటాయి. ఒక్క కప్పే పెడితే చెడ్డ గింజ తప్పించుకుపోతుంది. అందుకని ఏ కప్పు గింజలు ఆ కప్పుకే తూచి, విడిగా పొడి చేసి, మరిగే నీళ్ళు పోస్తారు. పైన కట్టిన నురగను చెంచాతో విరిచి, చెంచాడు నోట్లోకి సుర్రున లాగి, ఉమ్మేసి, మార్కులు వేస్తారు.

పెద్ద నాలుక పావుగంటలో నాలుగు వరసలూ పూర్తి చేశాడు. నాలుగో వరస దగ్గర కళ్ళు మూసుకుని, "ఆహా, పూలు!" అన్నాడు. పక్కనున్న రెండో రుచిదారు, "అవునండి, పూలేనండి," అన్నాడు. ఆయన పని అదే. అందుకే ఆయన పేరు కూడా అవునండి అయిపోయింది. లోయ కాఫీకి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పడ్డాయి. పెద్ద నాలుక పేపరు విప్పి కుర్చీలో కూర్చున్నాడు.

అంతా చల్లారాక ఆమె కప్పులు తీయడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మేడం లోపలికొచ్చింది. కంపెనీ ఆవిడదే. మధ్యాహ్నంలోపు లోయ సరుకు మొత్తానికి సరే అని చెప్పేయాలి, చెప్పేముందు ఒక చుక్క తనూ చూద్దామని సరదాగా చెంచా తీసుకుంది. నాలుగో వరసలో మూడో కప్పులో ముంచింది. నోట్లో పెట్టుకుంది. ముఖం మాడ్చుకుంది.

"ఇదేంటండీ, పాత గోతంలా ఉంది?"

పెద్ద నాలుక లేచి వచ్చాడు. పక్క కప్పు రుచి చూశాడు, బాగుంది. ఇంకో పక్కది చూశాడు, అదీ బాగుంది. మూడో కప్పును మాత్రం రుచి చూడలేదు. ఎత్తి, వెలుతురుకు పట్టి, అంచు మీద వేలు రాశాడు. అప్పుడే అన్నాడు, ఈ కప్పు కడిగిందెవరని.

"సరిగా కడగలేదు మేడం. పాత తడి గుడ్డతో తుడిచి ఉంటుంది. కాఫీలో ఏ దోషం లేదు." మార్కుల కాగితం లాక్కుని అడుగున పెన్నుతో రాసేశాడు. ఆమె నిలబడ్డ చోటికి తలకిందులుగా కనిపించినా చదవగలిగింది. 'మూడో కప్పు శుభ్రంగా లేదు. కడిగినవారి నిర్లక్ష్యం.'

మేడం నిట్టూర్చింది. చెడ్డ మనిషేం కాదు, కానీ తొందరలో ఉంది. "చూడమ్మా, ఒక్క కప్పుతో ఎంత సరుకు వెనక్కి పోయేదో తెలుసా? ఇలాంటి పనికి ఇలాంటి వాళ్ళు పనికిరారు. రేపట్నుంచి రావద్దు."

అంతే. నిమిషంలో తేలిపోయింది.

ఆమెకు ముందు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో పది నెలల పిల్ల ఉంది. మొగుడి పని ఆర్నెల్లుగా ఉండీ లేనట్టే ఉంది. ఈ పని పోతే ఇల్లు ఒంటి కాలి మీద నిలబడాలి. నోరు మూసుకుని కాళ్ళావేళ్ళా పడితే ఒకవేళ ఉంచుతారేమో. ఒక్క మాట చాలు, 'తప్పయిపోయిందండి' అని. ఆ మాట నాలుక చివరికొచ్చింది కూడా.

కానీ ఆ కప్పు వాసన ఆమెకు ముందే తెలుసు. మేడం చెంచా ముంచకముందే, ట్రే పట్టుకుని వంగినప్పుడే తగిలింది. అది గుడ్డ వాసన కాదు, సబ్బు వాసన కాదు. వానలో తడిసి, ఎండకుండానే మూట కట్టిన గింజ వాసన. వేడి మీద దాగి, చల్లారాక బయటపడే ముక్కిన వాసన.

ఆమె ముక్కుకు అంత పదును ఊరికే రాలేదు. పిల్లకు నాలుగు నెలలప్పుడు ఒకసారి సీసాలో పాలు విరిగాయి. ఆమె చూసుకోలేదు. పిల్ల మూడు రోజులు వాంతులతో వేలాడిపోయింది. ఆ మూడు రోజుల్లో ఆమె పదేళ్ళ భయం భయపడింది. అప్పట్నుంచి ఇంట్లో ఆమె ముక్కు తగలని వస్తువు లేదు. పాలు, నీళ్ళు, దుప్పటి, పిల్ల నోరు, పిల్ల అరచేయి, అన్నీ వాసన చూడాల్సిందే. "కోడల్ని తెచ్చుకున్నాననుకున్నా, పోలీసు కుక్కను తెచ్చుకున్నాను," అని అత్త పక్కింటావిడతో చెప్పుకుని నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. భయం తగ్గలేదు, ముక్కు మాత్రం ఆగకుండా పనిచేస్తూనే ఉంది.

"కప్పు శుభ్రంగానే కడిగానండి," అంది. "చెడింది కాఫీ."

అవునండి అలవాటుగా, "అవునం..." అనబోయి నాలుక కరుచుకున్నాడు.

పెద్ద నాలుక నవ్వాడు. కోపం కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "ఏమ్మాయ్, ఎన్నో క్లాసు చదివావు?"

"ఎనిమిది. అదీ సగమే." అమ్మ మంచాన పడితే చెల్లెళ్ళను చూసుకోవడానికి మాన్పించారు. అది చెప్పలేదు.

"ఆ సగంలో కాఫీ పాఠం ఉందా?"

"లేదు సార్. మీరు చదివిన దాంట్లో కప్పులు కడిగే పాఠం ఉందా?"

ఆమెకే ఆశ్చర్యం వేసింది, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని. వచ్చేసింది. ఇక వెనక్కి లాక్కోవడానికి అదేమైనా చీర కొంగా?

"మేడం," అంది గబగబా, ధైర్యం చల్లారకముందే. "అదే కప్పులో ఉత్త వేడినీళ్ళు పోసి చూడండి. కప్పుకే వాసనుంటే నీళ్ళక్కూడా రావాలి కదా."

మేడం గడియారం చూసుకుంది. పెద్ద నాలుకను చూసింది. తర్వాత తనే కప్పు ఒంపేసి, నీళ్ళతో ఒకసారి తొలిచి, కెటిల్ వంచింది. ఆవిరి పైకి లేచింది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఏమీ లేదే."

"తొలిచారుగా, పోయి ఉంటుంది," అన్నాడు పెద్ద నాలుక.

"సరేనండి," అంది ఆమె. "అయితే మళ్ళీ పెట్టండి. ఎనిమిది కప్పులు లోయది, ఎనిమిది కప్పులు కొండది, కలగలిపేయండి. కప్పులు నేను ముట్టుకోను, మేడమే కడగనివ్వండి. ఏది ఏదో చీటీ రాసి కప్పు కింద పెట్టండి. నేను బయట నిలబడతాను. చల్లారాక పిలవండి, చెడ్డ కప్పులేవో చెప్తాను. తప్పు చెప్తే రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతాను."

"చల్లారాకా?" పెద్ద నాలుక చేతులు చాచాడు. "చల్లారిన కాఫీ ఎవరు తాగుతారే పిచ్చిదానా?"

"బోలెడంత మంది సార్. చంకలో పిల్ల ఉన్న ఏ తల్లీ వేడి కాఫీ తాగి ఎరగదు. కలుపుకోగానే పిల్ల ఏడుస్తుంది. సముదాయించి వచ్చేసరికి చల్లారిపోతుంది. మళ్ళీ వెచ్చబెడితే మళ్ళీ ఏడుస్తుంది. కాఫీ అసలు రంగు ఏంటో మాకే తెలుసు."

మేడంకి నవ్వాగలేదు. ఆవిడకూ ఇద్దరు పిల్లలు. "నలభై నిమిషాలు. అంతకు మించి లేదు," అని చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టి, సింకు దగ్గరికి నడిచింది.

ఆమె తలుపు బయటికొచ్చింది. అద్దంలోంచి మేడం కప్పులు కడగడం కనిపిస్తోంది. అంచు వదిలేసి అడుగు రుద్దుతోంది. ఒకే నీళ్ళలో నాలుగు కప్పులు ముంచుతోంది. లోపలికెళ్ళి చెప్దామని చెయ్యి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇవాళ్టికి ఆ తప్పు ఆవిడదే కానిద్దాం అనుకుంది.

వరండా చివర నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పిల్ల ఏం చేస్తోంది?"

"నా ముక్కుపుడక పీకుతోంది. ఏమే, ఇప్పుడు ఫోన్ చేశావు?"

"పాలు వాసన చూశారా?"

"చూశానే తల్లీ. చూసి చూసి నా ముక్కు అరిగిపోయింది. ఇంకో వారం పోతే ముక్కుపుడక పెట్టుకోవడానికి చోటు కూడా ఉండదు. అసలు సంగతి చెప్పు, గొంతు అలా ఉందేం?"

చెప్పింది. అంతా చెప్పి, చివర, "తప్పయిందని ఒప్పేసుకోవాల్సిందేమో అత్తయ్యా. పని పోతుందేమో," అంది. కళ్ళలో నీళ్ళు వచ్చేస్తున్నాయి.

అవతల పిల్ల కేరింత కొట్టింది. తర్వాత అత్త అంది, "కప్పు కడిగావా లేదా?"

"కడిగాను."

"మరి ఏడుపెందుకే? పెళ్ళయి వచ్చిన మర్నాటినుంచీ నాతో ఉప్పు దగ్గర వాదన, పప్పు దగ్గర వాదన. దుప్పటి ఏ వైపు మడత పెట్టాలో కూడా గంట వాదించావు. ఆ నోరంతా ఇంటి దగ్గరే పెట్టి వెళ్ళావా ఏంటి? పని పోతే ఇంకోటి వెతుక్కుందాం. నిర్లక్ష్యం మనిషని రాయించుకుని మాత్రం నా గడప తొక్కకు, చెప్తున్నా." ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పంపు తిప్పి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది.

పిలుపొచ్చింది.

బల్ల మీద పదహారు కప్పులు, రెండు వరసలుగా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నల్లగా, నిశ్చలంగా, పైన పల్చటి మెరుపుతో. ఇన్నాళ్ళూ వీటిని ఒంపేయడమే ఆమె పని. ఎదురుగా నిలబడి చెంచా పట్టుకోవడం ఇదే మొదలు. అవునండి మెల్లగా తన చెంచా అందించాడు. పెద్ద నాలుక చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

మొదటి కప్పు. వాసన చూసింది. చెంచా ముంచి సుర్రున లాగింది. ఇంట్లో అలా చప్పుడు చేస్తే అత్త వీపు విమానం మోత మోగిస్తుంది. ఉమ్మేయడం చేతకాక మింగేసింది. పొరబోయింది. పెద్ద నాలుక కిసుక్కుమన్నాడు.

రెండోది. పచ్చి నిమ్మకాయ కొరికినట్టు పులుపు, తర్వాత తీపి. కొండది. మూడోది, పూలు. లోయది, మంచిది. పూల మాట ఆయన అబద్ధం చెప్పలేదు. నాలుగు, ఐదు, ఆరు. మంచివే. ఆమెకు భయం మొదలైంది. అసలు చెడ్డ గింజ ఈసారి ఏ కప్పులోనూ పడకపోయి ఉంటే? దొంగ ఒకసారి కనిపించాడని ప్రతిసారీ కనిపిస్తాడా? ఆ ఆలోచన ఇంతదాకా రాలేదు. ఏడో కప్పు దగ్గర ఏం తాగిందో నాలుకకే తెలియలేదు. చెంచా పెట్టేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తాగింది. కొండది. పులుపు కాస్త ఎక్కువ.

"అది చెడ్డదా?" అన్నాడు పెద్ద నాలుక, గొంతులో ఆశ పెట్టి.

"కాదండి. పులుపే. తప్పు కాదు."

ఎనిమిది. తొమ్మిది. పదో కప్పు మీదకు వంగింది, అంతే, ఆగిపోయింది. చెంచా ముంచలేదు. ముంచాల్సిన పని లేదు. అయినా ముంచింది, తాగింది, ఈసారి గట్టిగా ఉమ్మేసింది.

"ఇదీ," అని ఆ కప్పును ముందుకు జరిపింది. మిగతావీ చూసింది, ఒక్కటీ వదలకుండా. పధ్నాలుగో కప్పును కూడా జరిపింది. "ఇదీ. అది కాస్త ఎక్కువ, ఇది కాస్త తక్కువ. మిగతావి మంచివి."

మేడం పదో కప్పు ఎత్తింది. కింద చీటీ మీద 'లోయ'. పధ్నాలుగోది ఎత్తింది. 'లోయ'. రెండూ రుచి చూసింది. రెండోది చూశాక చెంచా సింకులో గిరాటేసింది.

"ఈ కప్పులు నేను కడిగాను," అంది పెద్ద నాలుక వైపు తిరిగి. "నేను కూడా నిర్లక్ష్యమేనా?"

"అబ్బే, అలా కాదు మేడం..."

"తాగండి."

తాగాడు. ముప్ఫై ఏళ్ళ నాలుక ఊరికే పోదు. ముఖం మారడం అందరికీ కనిపించింది. ఆ క్షణం ఆయన మీద ఆమెకు జాలి వేసింది కూడా. జాలి ఎంతోసేపు లేదు, ఎందుకంటే ఆయన వెంటనే, "ఊఁ, కొంచెం ఉంది. నాకూ పొద్దున్నే అనుమానం వచ్చింది," అన్నాడు.

"అనుమానమొస్తే మూడో గడిలో రాయాలి కదా సార్?"

"మూడో గడి ఏంటమ్మా?" అంది మేడం.

ఆమె కాగితం మీద వేలు పెట్టింది. వరసకు మూడు గడులు ఉన్నాయి. వేడిగా, గోరువెచ్చగా, చల్లారాక. మూడుసార్లు రుచి చూడాలి, మూడుసార్లు రాయాలి. "నేను రోజూ కప్పులు తీయడానికి ఇక్కడే కాచుకుని ఉంటాను మేడం. వాటి మీద ఇంకా పొగ ఉంటుంది, కాగితంలో మాత్రం మూడో గడి నిండిపోయి ఉంటుంది. పొగలొచ్చే కాఫీ చల్లారాక ఎలా ఉంటుందో సారుకు ముందే ఎలా తెలుస్తుందా అని రోజూ అనుకునేదాన్ని. పెద్దవాళ్ళు కదా, తెలుస్తుందేమో అనుకున్నాను."

అవునండి నేల చూపులు చూస్తూ, ఎవరూ అడగకుండానే, "అవునండి," అన్నాడు. ఈసారి ఎవరికి అన్నాడో అందరికీ తెలిసింది.

మేడం ఫోన్ తీసి లోయ సరుకు ఆపమని ఎవరికో చెప్పింది. గాజులు తొడుక్కుంది. "ఇక నుంచి చల్లారాక ఈ అమ్మాయి కూడా రుచి చూస్తుంది. ఆ మూడో గడి ఇప్పుడే తనతో నింపించండి," అంది.

పెద్ద నాలుక ఆ గడిలో తను పొద్దున రాసింది కొట్టేసి పెన్ను ఆమె ముందు పెట్టాడు, ఎలా రాస్తుందో చూద్దామన్నట్టు. ఆమె వంగి, అక్షరం అక్షరం దిద్దుతూ రాసింది. 'ముక్కిన గింజ. తడి గోతం వాసన.'

"ఇలాంటి మాటలు రాయకూడదు," అన్నాడాయన, గోడ మీదున్న రంగుల చార్టు చూపిస్తూ. అందులో రుచులన్నీ పళ్ళ బొమ్మలతో ఉన్నాయి. సగం పళ్ళు ఆమె ఎన్నడూ తిననివి, కొన్ని చూడనివి. "ఇందులో ఉన్న మాటలే రాయాలి."

"తినని పండు పేరు నేనెలా రాస్తాను సార్? గోతమైతే రోజూ మోస్తాను."

మేడం తలుపు దాకా వెళ్ళి తిరిగి చూసింది. "సరేనమ్మా. రేపు మామూలుగా వచ్చేయ్. ఇక కప్పులు తీసెయ్."

అవునండి గ్రైండరు తుడవడం మొదలుపెట్టాడు. పెద్ద నాలుక కాగితాలు సర్దుతున్నాడు. అందరి దృష్టిలో గొడవ అయిపోయింది. ఆమె మాత్రం కదల్లేదు.

"ఇంకేంటి?" అంది మేడం.

"అది ఇంకా ఉంది మేడం." కాగితం అడుగున చూపించింది. "నిర్లక్ష్యం అని."

"అబ్బ, దాన్నెవరు చూస్తారమ్మా?" అన్నాడు పెద్ద నాలుక. "ఫైల్లో పోతుంది."

"నేను చూశాను సార్."

రేపట్నుంచి ఈయనతో ఇదే గదిలో పని చేయాలి. ఆయన ఊరుకోడు, ప్రతి కప్పు అంచూ వెలుతురుకు పట్టి చూస్తాడు. చూస్తే చూడనీ. ఆమె ట్రే బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ ఖాళీ చేసుకుని నిలబడింది.

పెద్ద నాలుక మేడం వైపు చూశాడు. మేడం ఆయన వైపే చూస్తోంది. ఆయన తన చెవి మీదున్న పెన్సిలు తీసి, ఆ మాటల మీద సన్నగా, కనపడీ కనపడనట్టు ఓ గీత గీశాడు.

"రాసింది పెన్నుతో సార్," అంది ఆమె. "కొట్టేసేదీ పెన్నుతోనే కొట్టండి."